యూనిక్స్ దాయాదులు

ఫైనలియర్ ప్రాజెక్టులు సమర్పించే రోజులు దగ్గర పడ్డాయంటే మా కాలేజీ ల్యాబ్‌లో నాకు ఒకే మాట పదేపదే వినిపిస్తుంది. "మేడమ్, ఇంట్లో నా మ్యాక్‌లో చక్కగా నడిచింది. ఇక్కడ సర్వర్‌లోకి ఎక్కిస్తే ఎర్రర్ వస్తోంది."

పక్కన కూర్చుని చూస్తే తరచుగా కనిపించే కారణాలు కొన్నే. ఫొటో ఫైలు పేరు ఒకచోట ఇంగ్లిష్ పెద్దక్షరంతో, ఇంకోచోట చిన్నక్షరంతో రాసి ఉంటారు. మ్యాక్ మామూలుగా ఆ రెండింటినీ ఒకే పేరుగా తీసుకుంటుంది. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. లేదంటే, ఫైల్లో ఒక పదం తీసి మరో పదం పెట్టే సెడ్ కమాండు దగ్గర తేడా వస్తుంది. ఫైలును నేరుగా మార్చమని 'ఐ' ఆప్షన్ ఇచ్చినప్పుడు, పాత కాపీని ఏ పేరుతో దాచాలో కూడా చెప్పమని మ్యాక్ అడుగుతుంది. దాచక్కర్లేదనుకుంటే ఖాళీ కోట్లు పెట్టాలి. అదే వరుసను లినక్స్‌లో పెడితే ఆ ఖాళీ కోట్లనే అది ఆజ్ఞ అనుకుంటుంది. అసలు ఆజ్ఞను ఫైలు పేరనుకుని, అలాంటి ఫైలు లేదంటుంది. ఇక సర్వర్‌లో రాసిన బాష్ స్క్రిప్టును ఇంటికి తీసుకెళ్లి మ్యాక్‌లో నడిపితే మధ్యలో ఆగిపోవడం మరో రకం.

వీటిలో ఏదీ పిల్లల నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. రెండుచోట్లా కనిపించేది అదే నల్లతెర. అవే ఎల్ఎస్, సీడీ, గ్రెప్ కమాండ్లు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటేనని నమ్ముతారు. నిజానికి అవి దాయాదులు. మూలపురుషుడు ఒక్కడే. పంపకాలు జరిగాయి, కోర్టుకెక్కారు, పొయ్యిలు వేరుపడ్డాయి. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిదే.

ఈ తేడాలను జాబితా రాసిచ్చి బట్టీ పట్టమంటే సెమిస్టర్ దాటగానే మరిచిపోతారు. ప్రతి తేడా వెనకా ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంది, దానికో కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే మరిచిపోవడం కష్టం. అందుకే నేను క్లాసులో కమాండ్ల కంటే ముందు ఈ వంశకథ చెబుతాను.

పంపకాలకు ముందు

1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మర్రే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి బెల్ ల్యాబ్స్ అప్పుడే తప్పుకుంది. థాంప్సన్ పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ తీసుకుని, దాని మీద తనకు కావలసినంత సిస్టమ్ రాసుకున్నాడు. 1973లో దాన్ని సీ భాషలో తిరిగి రాశారు. అప్పట్లో ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కువగా ఆయా మెషీన్ల అసెంబ్లీ భాషలో ఉండేవి. మెషీన్ మారితే పని మళ్లీ మొదటికి వచ్చేది. సీలో రాయడం వల్ల యూనిక్స్ ఒక మెషీన్ నుంచి మరో మెషీన్‌కు మారగలిగింది.

అప్పట్లో బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ. ఫోన్ల వ్యాపారం దాటి మరో వ్యాపారంలోకి దిగకూడదని 1956లో అమెరికా ప్రభుత్వంతో దానికి ఒప్పందం కుదిరింది. కాబట్టి యూనిక్స్‌ను మామూలు సరుకులా అమ్ముకోలేకపోయింది. అడిగిన విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముతో, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేసింది. కోడ్ చేతికందితే విద్యార్థులు ఊరుకుంటారా? విప్పి చూశారు, బాగుచేశారు, కొత్తవి చేర్చారు.

అందరికంటే ఎక్కువ చేర్చింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. 1975లో థాంప్సన్ తాను చదివిన ఆ విశ్వవిద్యాలయానికే కొంతకాలం పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. అక్కడ బిల్ జాయ్ అనే విద్యార్థి తమ మార్పులన్నిటినీ ఒక టేపు మీదికెక్కించి 1978లో ఇతరులకు పంపడం మొదలుపెట్టాడు. దాని పేరు బర్క్‌లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా బీఎస్‌డీ. ఈనాటికీ సర్వర్లలో ఫైళ్లు దిద్దుకోవడానికి మేం వాడే వీఐ ఎడిటర్ ఆయన రాసిందే. అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం నిధులతో 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో, ఇంటర్నెట్ నడవడానికి ఆధారమైన టీసీపీ-ఐపీ చేరింది.

1984లో ఏటీ అండ్ టీని ప్రభుత్వం విడగొట్టడంతో దాని మీద పాత ఆంక్ష తొలగింది. సిస్టమ్ ఫైవ్ అనే పేరుతో యూనిక్స్‌ను సొంతంగా అమ్మడానికి దిగింది. హెచ్‌పీ-యూఎక్స్, ఏఐఎక్స్, తర్వాత వచ్చిన సొలారిస్ ప్రధానంగా ఆ పద్ధతినే అందుకున్నాయి.

ఈ మొదటి చీలిక గుర్తులు ఇప్పటికీ మన వేళ్ల కిందే ఉన్నాయి. మెషీన్‌లో నడుస్తున్న ప్రాసెస్‌లన్నీ చూపించమనడానికి కొందరు పీఎస్ కమాండుకు 'ఏయూఎక్స్' అని, గీత లేకుండా ఆప్షన్ ఇస్తారు. అది బర్క్‌లీ పద్ధతి. ఇంకొందరు గీత పెట్టి 'ఈఎఫ్' అంటారు. అది సిస్టమ్ ఫైవ్ పద్ధతి. లినక్స్ రెండింటినీ ఒప్పుకుంటుంది. బర్క్‌లీ వంశంలోని ఫ్రీబీఎస్‌డీలో మాత్రం అదే 'ఈ'కి అర్థం వేరు. ప్రాసెస్‌తో పాటు దాని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూపించమని అది తీసుకుంటుంది.

కాలేజీకి రాకముందు నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. ఒక ర్యాకులో సొలారిస్, పక్క ర్యాకులో హెచ్‌పీ-యూఎక్స్, ఇంకోవైపు రెడ్ హ్యాట్ లినక్స్, బయటి నెట్‌వర్క్‌కు కాపలాగా ఓపెన్‌బీఎస్‌డీ. లినక్స్ నేర్చుకుని వచ్చిన కొత్తవాళ్లకు సొలారిస్ ముందు కూర్చోబెట్టగానే మేం చెప్పే మొదటి జాగ్రత్త కిల్లాల్ కమాండు గురించే. లినక్స్‌లో దానికి ఒక ప్రోగ్రాం పేరు ఇస్తే ఆ పేరున్నవాటినే ఆపుతుంది. సొలారిస్‌లో అది మెషీన్‌ను షట్‌డౌన్ చేసేటప్పుడు వాడడానికి పెట్టిన కమాండు. రూట్ అధికారంతో కొడితే నడుస్తున్నవన్నీ ఆపేస్తుంది. రెండుచోట్లా ఒకే పేరున్న ఆజ్ఞ ఒకచోట చిన్న మరమ్మతు, మరోచోట ఆఫీసు మొత్తానికి పని బందు.

కోర్టు మెట్లెక్కిన ఇల్లు

బర్క్‌లీ బృందం ఏటీ అండ్ టీ కోడ్‌ను ఒక్కొక్కటిగా తీసేసి, ఆ స్థానంలో సొంతంగా రాసుకుంటూ పోయింది. 1991లో దాదాపు పూర్తి సిస్టమ్‌ను ఎవరైనా వాడుకోవచ్చంటూ విడుదల చేసింది. విలియం జోలిట్జ్, లిన్ జోలిట్జ్ దంపతులు దాన్ని మామూలు ఇంటెల్ 386 పీసీల మీద నడిచేలా తయారుచేసి 1992లో 386 బీఎస్‌డీగా అందించారు. అదే ఏడాది, ఏటీ అండ్ టీకి చెందిన యూనిక్స్ సంస్థ దావా వేసింది. బీఎస్‌డీని అమ్ముతున్న ఒక కంపెనీ మీద మొదలైన వ్యాజ్యం విశ్వవిద్యాలయం దాకా పాకింది.

1994 ఆరంభంలో రాజీ కుదిరింది. సుమారు 18,000 ఫైళ్లలో తీసేయవలసినవని తేలినవి 3. మరో 70 ఫైళ్లకు కాపీరైట్ గుర్తు తగిలించారు. ఇంత గొడవకూ చివరికి మిగిలింది అదే.

ఆలోపు ఫిన్లాండ్‌లో మరో కథ సాగిపోయింది. 1991 ఆగస్టులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తన 386 పీసీ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. ఆయన రాసింది కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నేరుగా నడిపించే కేంద్రభాగం. దాని చుట్టూ కావలసిన కంపైలరు, షెల్, ఇతర పనిముట్లు రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చాయి. లినక్స్‌లో అసలు యూనిక్స్ కోడ్ లేదు. రక్తసంబంధం లేకున్నా ఆ ఇంటి ఆచారాలన్నీ నేర్చి పాటించిన కుటుంబం అది. తాను పని మొదలుపెట్టేనాటికి 386 బీఎస్‌డీ దొరికి ఉంటే బహుశా లినక్స్ పుట్టేదే కాదని టోర్వాల్డ్స్ తర్వాత చెప్పాడు. లినక్స్ నిలదొక్కుకున్న తొలి రోజుల్లోనే బీఎస్‌డీ భవితవ్యం కోర్టులో వేలాడింది. అంత మంచి కోడ్ ఉండి కూడా బీఎస్‌డీ వెనకబడడానికి ఆ వ్యాజ్యం ఒక ముఖ్య కారణమన్నది నా గట్టి అభిప్రాయం.

లైసెన్సులో ఉన్న తేడా

రెండు కుటుంబాలూ కోడ్‌ను ఉచితంగా ఇస్తాయి. ఇచ్చేటప్పుడు పెట్టే షరతు వేరు. బీఎస్‌డీ లైసెన్సు షరతులు చాలా కొద్ది. మా పేరు, మా కాపీరైట్ ప్రకటన ఉంచండి, తర్వాత మీ ఇష్టం. మార్చిన కోడ్‌ను మీ దగ్గరే దాచుకున్నా సరే. లినక్స్ 1992 నుంచి పాటిస్తున్న జీపీఎల్ అలా కాదు. ఈ కోడ్‌తో చేసినదాన్ని మరొకరికి ఇస్తే, మీరు చేసిన మార్పుల కోడ్‌ను కూడా అదే స్వేచ్ఛతో వాళ్లకు అందుబాటులో పెట్టాలి.

ఈ ఒక్క తేడా మన జేబుల దాకా వచ్చింది. స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ కంపెనీ తన సిస్టమ్‌ను మాక్ అనే కెర్నల్, బీఎస్‌డీ కోడ్ ఆధారంగా కట్టింది. ఆ కంపెనీని ఆపిల్ కొన్నాక, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ ఆ పునాది మీదే వచ్చింది. ఐఫోన్ పునాది కూడా అదే. సోనీ ప్లేస్టేషన్ 4 లోపల ఉన్నది ఫ్రీబీఎస్‌డీ నుంచి తయారైన సిస్టమ్. జునిపర్ కంపెనీ రూటర్లలోని జునోస్ కూడా ఫ్రీబీఎస్‌డీ మూలం నుంచే పెరిగింది. మనం నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా చూస్తుంటే దాన్ని మనకు పంపే ఆ కంపెనీ సర్వర్లు ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తాయి.

ఆండ్రాయిడ్‌లో రెండు ఇళ్లూ కలిశాయి. కెర్నల్ లినక్స్‌ది. ప్రోగ్రాములన్నీ ఆధారపడే సీ లైబ్రరీని మాత్రం గూగుల్ గ్నూ నుంచి తీసుకోలేదు. బయోనిక్ అనే పేరుతో, చాలావరకు బీఎస్‌డీల కోడ్ తీసుకుని తయారుచేసింది. లినక్స్ కెర్నల్ ఉన్నా ఆండ్రాయిడ్ ఫోను మామూలు లినక్స్ కంప్యూటర్‌లా ప్రవర్తించకపోవడానికి అదొక కారణం.

మొదట చెప్పిన బాష్ చిక్కు కూడా ఇక్కడిదే. బాష్ 4 నుంచి జీపీఎల్ మూడో వెర్షన్ కిందికి వెళ్లింది. ఆపిల్ ఆ కొత్త బాష్‌ను తన సిస్టమ్‌లో చేర్చలేదు, 3.2 దగ్గరే ఉండిపోయింది. 2019లో మామూలు షెల్‌గా జడ్ షెల్‌ను పెట్టింది. కాబట్టి సర్వర్‌లోని బాష్ 5ను నమ్ముకుని రాసిన స్క్రిప్టు మ్యాక్‌లో ఆగిపోతుంది. సాంకేతిక లోపంలా కనిపించే ఆ ఎర్రర్ వెనక ఒక లైసెన్సు కథ ఉంది.

మన భాషకు జరిగిన మేలు కూడా ఈ లైసెన్సుల పుణ్యమే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి పనిచేసింది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌లో తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటు దొరికింది. ఏ కంపెనీ గడప ముందూ అనుమతి కోసం నిలబడాల్సిన పని లేకుండా ఇదంతా జరిగింది.

ఇంటి పెత్తనం ఎవరిది?

నన్ను ఎవరైనా లినక్స్‌కూ బీఎస్‌డీకీ అసలు తేడా ఒక్కటే చెప్పమంటే, కమాండ్లు వదిలేసి ఇదే చెబుతాను. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, సీ లైబ్రరీ, ప్రాథమిక కమాండ్లు, వాటి మాన్యువల్ పేజీలు అన్నీ ఒకే సోర్స్ చెట్టులో, ఒకే బృందం చేతిలో ఉంటాయి. కలిసే మారతాయి, కలిసే విడుదలవుతాయి. కెర్నల్‌లో ఒక సదుపాయం చేరితే దాన్ని వాడే కమాండు, దాన్ని వివరించే పేజీ కూడా ఆ బృందం బాధ్యతే.

లినక్స్ అంటే నిజానికి కెర్నల్ ఒక్కటే. సీ లైబ్రరీ ఒక ప్రాజెక్టు, షెల్ మరొకటి, సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఇంకొకటి. వీటన్నిటినీ ఏరి, కూర్చి, పరీక్షించి మనకు అందించేవే డిస్ట్రిబ్యూషన్లు. అందుకే లినక్స్‌లో ఇన్ని రకాలు. స్వేచ్ఛ ఎక్కువ, వేగం ఎక్కువ, కొత్త హార్డ్‌వేర్‌కు మద్దతు త్వరగా వస్తుంది. అయితే ఏదైనా చెడితే అది ఎవరి భాగంలో చెడిందో వెతుక్కోవాలి.

ఈ తేడా ఫోల్డర్లలో కళ్లకు కడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ను ఉబుంటులో పెడితే దాని సెట్టింగ్స్ 'ఈటీసీ' ఫోల్డర్‌లోకి, సిస్టమ్ సొంత సెట్టింగ్స్ పక్కకే చేరతాయి. ఫ్రీబీఎస్‌డీలో మనం విడిగా తెచ్చుకున్నదంతా 'యూఎస్ఆర్ లోకల్' కిందికే వెళ్లాలి. ఇంటివి ఒకచోట, బయటినుంచి తెచ్చినవి మరోచోట. బాష్ కూడా అక్కడ బయటి సరుకే. దాని చిరునామా వేరు కాబట్టే, 'బిన్ బాష్' అని మొదటి వరసలో రాసిన లినక్స్ స్క్రిప్టు ఫ్రీబీఎస్‌డీలో మొదలే కాదు.

బీఎస్‌డీలలో ప్రధానమైన మూడూ ఒకలాంటివి కావు. నెట్‌బీఎస్‌డీ 1993లో మొదలైంది. వీలైనన్ని రకాల మెషీన్ల మీద ఒకే శుభ్రమైన కోడ్ నడవాలన్నది దాని పట్టుదల. అదే ఏడాది వచ్చిన ఫ్రీబీఎస్‌డీ సర్వర్ల మీద, వాటి వేగం మీద దృష్టి పెట్టింది. ప్రోగ్రాములను విడివిడి గదుల్లో బంధించే జైల్స్ పద్ధతిని 2000లోనే తెచ్చింది. నెట్‌బీఎస్‌డీ నుంచి విడిపోయిన థియో డి రాట్ 1995లో ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టాడు. దానికి భద్రతే ప్రాణం. అవసరం లేని సర్వీసులు మొదటినుంచీ ఆపి ఉంచుతుంది, పాత కోడ్‌ను వరసగా తనిఖీ చేస్తుంది, దాదాపు ఆరు నెలలకోసారి కొత్త విడుదల ఇస్తుంది. ఈ బృందం 1999లో అందించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా ఇవాళ సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అవడాన్ని ఊహించలేం. దాన్ని లినక్స్, మ్యాక్, చివరికి విండోస్ కూడా తీసుకున్నాయి. వాడేవాళ్లు తక్కువే కావచ్చు. ప్రపంచానికి ఆ ఇంటి నుంచి అందింది మాత్రం చాలా పెద్దది.

లినక్స్‌లో లోపలి గదులు

లినక్స్ ఇంట్లో కూడా ప్రధానంగా రెండు వంటిళ్లు కనిపిస్తాయి. ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన డెబియన్ స్వచ్ఛంద కార్యకర్తలది. ఉబుంటు దాని నుంచి 2004లో వచ్చింది. మరోవైపు కంపెనీగా నడిచే రెడ్ హ్యాట్, దాని చుట్టూ ఫెడోరా, రాకీ, ఆల్మా.

ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు ఈ కొన్ని తేడాలు మనసులో పెట్టుకోవాలి. డెబియన్ వైపు సాఫ్ట్‌వేర్ ఎక్కించేది ఆప్ట్. రెడ్ హ్యాట్ వైపు ఒకప్పుడు యమ్, ఇప్పుడు డీఎన్ఎఫ్. అపాచీ వెబ్ సర్వర్‌ను డెబియన్‌లో అపాచీ 2 అంటారు, రెడ్ హ్యాట్‌లో హెచ్‌టీటీపీడీ అంటారు. డెబియన్‌లో అది ఎక్కించగానే నడవడం మొదలుపెడుతుంది. రెడ్ హ్యాట్‌లో మీరు మొదలుపెట్టమనే దాకా ఆగుతుంది. రెడ్ హ్యాట్‌లో ఎస్ఈ లినక్స్ అనే భద్రతా పొర మొదటినుంచీ పనిచేస్తుంటుంది. ఫైలు అనుమతులన్నీ సరిగ్గా ఉన్నా వెబ్‌సైట్ తెరుచుకోకపోతే మొదట అనుమానించవలసింది దాన్నే.

ఎవరి పూచీ మీద నడుస్తుందన్న ప్రశ్న ఇక్కడా తప్పదు. రెడ్ హ్యాట్‌ను పోలి, ఉచితంగా దొరికిన సెంట్ఓఎస్ 8ను ఎందరో సర్వర్లలో పెట్టుకున్నారు. దానికి మద్దతు 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. అప్పుడు ఎన్నో సంస్థలు కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. రాకీ, ఆల్మా పుట్టింది ఆ అవసరం నుంచే.

ఎంచుకునే ముందు

ఏది గొప్పదని వాదించుకునే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నేను వాళ్లను మూడు ప్రశ్నలు వేయమంటాను. ఇది చెడితే బాగుచేసే పూచీ ఎవరిది, ఎన్నేళ్లు? ఉబుంటు ఎల్‌టీఎస్‌కు మామూలుగా 5 ఏళ్లు, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌కు డబ్బు కడితే 10 ఏళ్లు భద్రతా సవరణలు వస్తాయి. లైసెన్సు మన పనికి సరిపోతుందా? కోడ్ మార్చి సొంత పరికరంలో పెట్టి అమ్మాలనుకునేవారు ఈ ప్రశ్న మొదటిరోజే వేసుకోవాలి. ఈ సిస్టమ్ తయారుచేసినవాళ్లు దేన్ని అన్నిటికంటే ముఖ్యమనుకున్నారు? భద్రతా, వేగమా, స్థిరత్వమా, కొత్తదనమా?

ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఎంపిక పెద్ద కష్టం కాదు. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు, ఉద్యోగం కోసం చూసేవాళ్లకు ఉబుంటు లేదా డెబియన్ చాలు. కంపెనీల సర్వర్ గదుల్లోకి వెళ్లాలనుకుంటే రెడ్ హ్యాట్ వైపు అలవాటు చేసుకోండి. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆదినుంచి అంతం దాకా అర్థం చేసుకోవాలన్న తపన ఉన్నవాళ్లకు నేను ఫ్రీబీఎస్‌డీనే సూచిస్తాను. అంతా ఒకేచోట ఉంటుంది, దాని హ్యాండ్‌బుక్ ఓపిగ్గా రాసిన పుస్తకం.

దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇంట్లో మూలన పడ్డ పాత కంప్యూటర్ ఉంటే చాలు. లేకపోతే వర్చువల్‌బాక్స్ పెట్టుకుని ఒకవైపు డెబియన్, మరోవైపు ఫ్రీబీఎస్‌డీ ఎక్కించండి. రెండింటిలోనూ 'మ్యాన్ హైయర్' అని కొట్టండి. ఏ ఫోల్డర్ దేనికోసమో చెప్పే పేజీ తెరుచుకుంటుంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. తేడా కనిపించిన ప్రతిచోటా ఎందుకిలా అని అడగండి, జవాబు దొరికేదాకా వెతకండి. ఏ కంపెనీ ఏ సర్వర్ ముందు కూర్చోబెట్టినా మీకు భయం లేకుండా చేసేది ఆ అలవాటే.